షాట్ చార్టులో లేని గడి

1974. బాలానగర్‌లో మా ఫ్యాక్టరీ వెనక సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. నేను ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో డిప్లొమా ఇంజనీర్ని. తయారైన భాగాలను కొలిచి, పనికిరానివి ఏరెయ్యడం నా పని. నాకు ఆట రాదు. లెక్కలు శుభ్రంగా రాస్తానని జట్టుకు స్కోరర్‌గా వేశారు.

ఆ ఏడు ఫ్యాక్టరీల నాకౌట్ టోర్నమెంటు సెమీఫైనల్లో ఓడిపోయాం. ఎవరు ఎక్కణ్నుంచి వేశారు, పడిందా లేదా అని కోర్టు బొమ్మ మీద గుర్తులు పెట్టే కాగితాన్ని షాట్ చార్టు అంటారు. దాన్ని నాలుగు రోజులు ముందేసుకుని కూర్చున్నాను. రింగు కింద మా జట్టు యాదయ్య వేసినవి సగానికి పైగా పోయాయి. దూరం నుంచి మిగతావాళ్లు వేసినవి ఎక్కువ పడ్డాయి. ఎంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు కదా అన్నాడు కెప్టెన్. మూడు పాయింట్ల షాటు అప్పటికింకా రాలేదు. పడే చోటు నుంచే వేద్దాం అన్నాను. ఏడాదంతా దూరపు షాట్లే సాధన చేశారు.

యాదయ్య కూకట్‌పల్లివాడు, జట్టులో అందరికన్నా పొడుగు. ఫ్యాక్టరీలో రంగులేసే పెయింట్ షాపులో క్యాజువల్ హెల్పర్, అంటే ఆర్నెల్లకోసారి పొడిగిస్తే ఉండే ఉద్యోగం. వచ్చేసారి ఫైనల్ చేరితే పర్మనెంట్ చేయిస్తానని నియామకాలు చూసే పర్సనల్ ఆఫీసరు మాటిచ్చాడు. ఆ మాట నమ్ముకుని, వేరే ఫ్యాక్టరీవాళ్లు పిలిచినా అతను పోలేదు.

ఒక సాయంత్రం నా బెంచీ దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"సారు, నీ కాయితంల నేను ఏడున్న?"

రింగు కింద, పడనివాటికి పెట్టిన ఇంటూ గుర్తులు చూపించాను.

"ఇవి నేనేసినయి. ఎయ్యనప్పుడు ఏం జేస్తున్ననో గది ఏడుంది? నాకు బాల్ అస్తదని ఇద్దరు నన్ను పట్టుకుంటరు. గందుకే మనోళ్లకు జాగ దొరుకుతది. నాకు ఇయ్యరని తెలిస్తే నన్నెవడు పట్టుకుంటడు?"

లెక్కలో అలా కనపడటం లేదన్నాను.

"కుర్సీల కూసొని రాసిన లెక్కనాయె," అని నవ్వి లేచాడు.

మరుసటి ఏడు మళ్లీ సెమీఫైనల్. మొదట రెండు మూడు పడ్డాయి. తర్వాత అవతలివాళ్లకు మా పద్ధతి తెలిసిపోయింది. యాదయ్యను వదిలేసి అయిదుగురూ మా షూటర్ల మీద పడ్డారు. మార్చమంటావా అని హాఫ్ టైములో కెప్టెన్ అడిగాడు. సగటు సర్దుకుంటుంది, వేస్తూనే ఉండమన్నాను. వాళ్లు వేస్తూనే ఉన్నారు, నేను ఇంటూలు పెడుతూనే ఉన్నాను. రింగు కింద యాదయ్య చెయ్యెత్తి ఒక్కడే నిలబడ్డాడు.

ఓడిపోయాం. నెల తిరక్కుండానే యాదయ్య ఉద్యోగం గడువు ముగిసింది. పొడిగించలేదు. నేను వెళ్లి పర్సనల్ ఆఫీసరుతో తప్పు నాదని చెప్పాను. ఫైనల్ చేరలేదు కదా అన్నాడాయన, ఫైలులోంచి తలెత్తకుండా.

ఉద్యోగం వదిలి పోయేవాళ్లు ఫ్యాక్టరీ ఇచ్చిన వస్తువులు స్టోర్సులో అప్పగించాలి. వాటి స్థితి రాసి సంతకం పెట్టాల్సింది ఇన్‌స్పెక్షన్ వాళ్లే. యాదయ్య ఆటకిచ్చిన కాన్వాసు బూట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మంచిగ రాయి సారు. ఉతికి తెచ్చిన."

తిప్పి చూశాను. తనను పట్టుకునే ఇద్దరి మధ్య కాలు నిలదొక్కుకుని తిరిగీ తిరిగీ, కుడి బూటు అడుగు మునివేళ్ల దగ్గర గుడ్డ దాకా అరిగింది. ఫారంలో స్థితి అన్న గడిలో 'అరిగినవి' అని రాశాను. ఎలా అరిగాయో రాయడానికి గడి లేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో ఏ ఫారం తయారుచేసినా, ముందు ఆ పని చేసే మనిషిని పిలిచి, ఇందులో రాయనిది నువ్వేం చేస్తున్నావని అడుగుతాను. యాదయ్యను అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. తనే వచ్చి చెప్పాడు.