ఎడమ చివరి విస్తరి

మా బావ జోగేశ్వరరావుకి రామచంద్రపురంలో కిరాణా కొట్టుంది. కానీ ఊళ్ళో ఆయన్ని తలుచుకునేది కొట్టుతో కాదు, వడ్డనతో. మావాళ్ళ పెళ్ళిళ్ళలో నేతిగిన్నె ఆయన చేతిలోనే ఉండాలి. విస్తరి ముందు కూర్చుని అడిగి వేయించుకోవడం మాకు నామోషీ. అడిగేదాకా చూసుకోకపోవడం వడ్డించేవాడికి ఇంకా నామోషీ. ఆ చివర పప్పన్నం కలిపే చెయ్యి ఆగితే, ఈ చివరనున్న బావకి తెలిసిపోయేది.

అలాంటి మనిషికి గ్లకోమా వచ్చింది. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నది మాయమైపోతుంది. ఎడమవైపు మరీను. గుమ్మాలకి భుజం కొట్టుకుంటూ కూడా డాక్టరు దగ్గరికి కదల్లేదు, మొండిఘటం. మా అక్క మీనాకుమారి ఏడ్చింది, నేను తిట్టాను. చివరికి కాకినాడ తీసుకెళ్ళాను.

పోయిన చూపు తిరిగి రాదని డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు రాశారు. కనపడని వైపుకి కళ్ళు తిప్పడం అలవాటు కావాలని వీఆర్ శిక్షణ మొదలుపెట్టారు. తలకి పెట్టెలాంటి కళ్ళజోడు తగిలిస్తారు. లోపల చీకట్లో ఏ మూలో దీపం వెలుగుతుంది, దాన్ని చూపుతో పట్టుకోవాలి.

అది వైద్యం కాదు, అలవాటేనన్న మాట బావ చెవికెక్కితేగా! మాఘమాసంలో కూతురు సాయిప్రసన్న పెళ్ళి.

"అప్పటికి పంక్తంతా కనపడాలి మహేంద్రా. నా పిల్ల పెళ్ళిలో నెయ్యి నేనే వెయ్యాలి" అన్నాడు.

వారం వారం వెళ్ళాం. దీపాలు టకటకా పట్టేసేవాడు. నాకూ ఆశ పుట్టింది, ఏం చెప్పను.

పెళ్ళిరోజు వియ్యాలవారి పంక్తిలో విస్తరి విస్తరికీ మెడ తిప్పి చూసుకుంటూ ఒక్కరినీ వదలకుండా వేశాడు. నా గుండె కుదుటపడింది. ఆఖరి పంక్తి మా ఇంటివాళ్ళది. బావ అలిసిపోయాడు, మన వాళ్ళే కదా అని మెడ తిప్పడం మానేశాడు. రెండో విస్తరినే మొదటిదనుకుని అక్కడ మొదలుపెట్టి కుడివైపు సాగిపోయాడు. ఆయనకి ఎడమవైపు, మొదటి విస్తరి దగ్గర కూర్చున్నది మా అక్క. పప్పన్నంలో చెయ్యి పెట్టి ఎదురుచూసింది. నీళ్ళు పోస్తున్న నేను నోరు తెరవబోతే వద్దని కళ్ళతోనే ఆపింది. ఆ పాడు పెట్టెలో దీపం వెలిగి పిలుస్తుంది. మా అక్క పిలవదు.

బావ మళ్ళీ వచ్చి ఆమె పక్కనే నిలబడి, "మీ అక్కేదిరా? ఇంకా తినలేదా?" అన్నాడు నాతో.

అక్క గబగబా విస్తరి మడిచేసింది. "ఇక్కడే ఉన్నానండి. తినేశాను. నెయ్యి బాగా వేశారు."

బావ మెడ తిప్పాడు. వంగి ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళకి పప్పు మెతుకులు అంటి ఉన్నాయి, నేతి జిడ్డు లేదు. ఒక్కో వేలూ తడిమి చూశాడు.

తర్వాత మడిచిన విస్తరి మళ్ళీ విప్పి, నేతిగిన్నె నా చేతికిచ్చాడు.

"మీ అక్కకి వెయ్యరా" అని, వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.