మూడు చర్చిలకూ దణ్ణం పెట్టినావిడ

చాలా ఏళ్ళ కిందటి మాట. రావులపాలెం నుంచి వస్తున్న బస్సు మా ఊళ్ళోకి మళ్ళగానే, నా పక్కనున్న ముసలావిడ లూథరన్ చర్చికి దణ్ణం పెట్టింది. తర్వాత బాప్టిస్టు చర్చికీ, కాథలిక్కుల చర్చికీ కూడా పెట్టింది.

నాకు నవ్వొచ్చింది. "ఇంతకీ మీది ఏ సంఘమండీ?" అన్నాను.

"ఏదీ కాదు బాబూ. ఏటా క్రిస్మస్‌కి ఈ మూడిటికీ మా ఆయనే సున్నం వేసేవారు. మొన్న వేసవిలో పోయారండి. రిజిస్టర్లో పేరు లేదని ఒక్క సమాధుల తోటలోనూ చోటివ్వలేదు. కాలవగట్టున పెట్టాం."

లూథరన్ చర్చి రిజిస్టరు నా దగ్గరే ఉండేది. అడగడానికొచ్చిన వాళ్ళ అల్లుణ్ణి, పేజీలు తిరగేసి చూపించి మరీ పంపేశాను.

"మీది ఈ ఊరేనా బాబూ?"

"కాదండి" అన్నాను.

నా స్టాపు వచ్చింది. ఆవిడ చూస్తుండగా దిగలేక పై ఊరిదాకా వెళ్ళాను. వెనక్కి నడిచిన దారంతా కాలవగట్టే.