తాబేలు పోయేదాకా

2023 వర్షాకాలం. అప్పటికి చాలా ఏళ్లుగా నారాయణగూడలోని ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ ఏడే మా వార్డుకు వీఆర్ హెడ్‌సెట్ వచ్చింది. కళ్లకు తొడిగితే చుట్టూ సముద్రం, తల తిప్పిన వైపల్లా చేపలు, తాబేళ్లు. అది నొప్పిని మాయం చేయదు; పిల్లల మనసును సూది మీంచి మళ్లిస్తుంది. మహిమలంటే మండిపడే నాకు అది నచ్చింది అందుకే. ఏం చేయగలదో, ఏం చేయలేదో దాచకుండా చెప్పవచ్చు.

చిక్కడపల్లి నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల సహస్రకు కాలి ఎముకలో ఇన్‌ఫెక్షన్. చేతికున్న కాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం, పాడైంది. సాయంత్రం మందు వేళకు కొత్తది పెట్టాలి. హెడ్‌సెట్ తొడిగి, నరం కోసం చేతికి పట్టీ బిగించానో లేదో, పిల్ల హెడ్‌సెట్ పీకి మంచం మీద పడేసింది.

"టీవీ అన్నరు. సూది లేదని నానమ్మ చెప్పింది."

నానమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు కూడ లేదని చెప్పు సిస్టరమ్మా. నీ మాటైతే వింటది."

"ఈసారికి వింటుందమ్మా. ఇంకెప్పుడూ వినదు."

మన ఇళ్లలో పిల్లలకు చెప్పే అబద్ధానికి ముద్దు అని పేరు. నాకది మోసమే. సహస్ర పక్కన కూర్చున్నాను. "సూది ఉంది. నొస్తుంది. గుచ్చేముందు చెప్తా, నువ్వు ఊ అన్నాకే గుచ్చుతా."

సహస్ర హెడ్‌సెట్‌ను నా వైపు తోసి, "ముందు నానమ్మకు పెట్టు" అంది.

"నాకెందుకే?"

"అబద్ధం చెప్పినవ్ గదా. దాంట్ల ఏముందో నువ్వే చూడు."

నానమ్మ తొడుక్కుంది. మరుక్షణం, నీళ్లలో తడుస్తాయన్నట్టు చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుంది. సహస్ర పకపకా నవ్వి, తనే హెడ్‌సెట్ తీసుకుంది.

నరం దొరికింది. "ఇప్పుడు గుచ్చనా?"

"ఆగు. తాబేలు పోనియ్."

ఆగాను.

"ఊ."

హెడ్‌సెట్ కింద నుంచి కన్నీళ్లు జారాయి. చెయ్యి మాత్రం కదలలేదు. "నొచ్చింది" అంది. "కానీ చెప్పినవ్."

మందు వేళకే ఎక్కింది.

నిజం తోడు లేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా తాయెత్తుతో సమానం. ఈ మాట వాదనల్లో ఎన్నోసార్లు అన్నాను. రుజువు చూపింది సహస్ర. ఆ పిల్లకు నేనెప్పటికీ కృతజ్ఞురాలిని. నానమ్మకు కూడా. మర్నాడు కాలికి కట్టు మార్చే ముందు, నేను నోరు తెరవకముందే మనవరాలి చెయ్యి పట్టుకుని ఆమే చెప్పింది: "జర నొస్తది బిడ్డా. నేనీడనే ఉంట."