కళ్ళు మూసుకుని కొలిచిన తుపాకీ

మా ఉస్తాద్ పోయారు. సెలవు ముగించుకుని ఒమాన్ తిరిగొచ్చిన మెట్‌పల్లి మనిషొకడు ఊరగాయ సీసా నా చేతిలో పెట్టి, ఆ తర్వాత చెప్పాడీ మాట. ముందు ఇది చెప్పి తర్వాత సీసా ఇచ్చినా సరిపోయేది. ఇప్పటిదాకా మూత తీయలేదు.

ఉస్తాద్ అంటే బడిలో చదువు చెప్పినాయన కాదు. నాకు చదువు చెప్పబోయినవాళ్ళు ఏడో తరగతిలోనే చేతులెత్తేశారు. ఈయన ఒమాన్‌లోని ఇబ్రి బజారులో తుపాకీలకు కట్టె పని చేసిన వడ్లాయన. తలుపులూ కిటికీలూ చేసే వీసా మీద వచ్చారు. వచ్చిన కొత్తలో ఉస్తాద్, అర్బాబ్‌కి, అంటే దుకాణం యజమానికి, తాతల నుంచి వచ్చిన తుపాకీకి విరిగిన మడమ, భుజానికి ఆనే కట్టె, అతికారు. అతుకెక్కడో అర్బాబ్ వేలితో తడిమినా దొరకలేదు. ఇక ఆయన్ని తలుపుల దగ్గరికి పోనివ్వలేదు.

నేను పక్క షెడ్డులో వెల్డర్ని. ముప్పై దాటినా బుద్ధి రానివాణ్ణి. ఆయన చాయ్‌లో ఉప్పు కలిపేవాణ్ణి. ఆయన చివరి చుక్కదాకా తాగి, "ఇయ్యాల చక్కెర తక్కువైంది తమ్మీ" అనేవారు. నా తమాషా అక్కడికక్కడే చచ్చేది.

తుపాకీ కొలతకు ఆయన పద్ధతి ఒకటే. "కండ్లు మూస్కొని ఎత్తు. భుజానికి ఆనినంక తెరువు. గొట్టం కొసకున్న గురి పూస ఎదురుంగ కనిపిస్తే తుపాకి నీది. మెడ వంచి ఎతుక్కుంటే అది ఇంకొకనిది."

తొంభైల మొదట్లో అర్బాబ్ బావమరిది ఆఫ్రికాలో అడవిదున్నల వేటకు బయలుదేరాడు. నాలుగువందల యాభై ఎనిమిది మాగ్నం తుపాకీ తెచ్చాడు, ఆ వేటకు వాడేవాటిలో బాగా భారీది. దానికి మంచి అక్రోటు కట్టె వెయ్యమన్నాడు. బావమరిది పేల్చడం ఒకసారి చూసి ఉస్తాద్ నా చెవిలో గొణిగారు.

"పేలకముందే కండ్లు మూస్తుండు. తుపాకి తన్నుకు భయపడుతుండు. మూడువందల డెబ్బై అయిదు మాగ్నం సాలు ఈయనకు. చిన్న దెబ్బ సక్కగ తాకితే దున్న పడ్తది. పెద్ద దెబ్బ పక్కకు పోతే మనిషి పడ్తడు."

"మరి చెప్పరాదా ఉస్తాద్?"

"చెప్తే ఇంటడా? సూపియ్యాలె."

అప్పుడు నా కోతితనం ఆయనకు అక్కరకొచ్చింది. మందు లేని ఉత్త తూటా ఒకటి చేసి నా అరచేతిలో పెట్టారు. నిజం తూటాల మధ్య దాన్ని కలిపితే, అది పేలని క్షణంలో మనిషికి తన ఉలికిపాటు తనకే తెలుస్తుంది. "ఆయన ఒక్కడున్నప్పుడు పెట్టు. ఒక్కడే. సమజైందా?"

సమజైంది. కానీ చూసేవాళ్ళు లేని తమాషా ఏం తమాషా? శుక్రవారం ఊరవతల ఎండిన వాగులో, అర్బాబ్ ముందు, నలుగురు చుట్టాల ముందు, రెండో తూటాగా ఉత్తది దూర్చి తుపాకీ బావమరిదికి ఇచ్చాను.

మొదటిది పేలింది, గురికి పెట్టిన డబ్బా కదల్లేదు. రెండోది 'టిక్' అంది. తుపాకీ మూతి నేలవైపు దిగింది. భుజం ఎగిరింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. చుట్టాలు పడీపడీ నవ్వారు. అందరికన్నా ముందు నవ్వింది నేనే. బావమరిది ముఖం చూశాకే నా నవ్వు ఆగింది.

"కిస్నే డాలా? వీసా కాన్సిల్!" ఎవడు పెట్టాడని అర్బాబ్ అరిచాడు.

రోజంతా వాగే నేను చుట్టాల వెనక్కి జరిగాను. ఉస్తాద్ ముందుకొచ్చి తానే పెట్టానన్నారు. తర్వాత బావమరిదితో మెల్లగా హిందీలో చెప్పారు: "షేఖ్, తుపాకీ పేలలేదు, మీ భుజం పేలింది. దున్న ముందు ఇట్లయితే మీ పిల్లలకు నేనేం చెప్పను?"

బావమరిది తుపాకీని రాళ్ళలో పడేసి కారెక్కి పోయాడు.

ఉస్తాద్ రూమ్‌లో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఆయన కట్టుకుంటున్న ఇంటికి ఇంకా కప్పు పడలేదు. నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్తే ఇద్దరం పోతం. నవ్వించుడు మంచిదే తమ్మీ. గని ఎవని ముంగట ఎవని మీద నవ్విస్తున్నవో సూస్కో."

తిట్టకుండా అంత గట్టిగా నన్నెవరూ తిట్టలేదు. ఆ తూటా పెట్టింది నేనని ఇబ్రిలో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

వారానికి, ఉస్తాద్‌ను ఇంటికి పంపే టికెట్టు మాట కూడా వచ్చాక, ఒక పొద్దున బావమరిది ఒక్కడే దుకాణానికి వచ్చాడు. ఉస్తాద్ ఎదుట నిలబడి, కళ్ళు మూసుకుని, తుపాకీ పట్టినట్టు రెండు చేతులూ ఎత్తాడు. కొలుచుకోమని.

మూడువందల డెబ్బై అయిదు తెప్పించారు. నెలన్నర ఉస్తాద్ దాని మీదే కూర్చున్నారు. మడమ అర అంగుళం తగ్గించి రబ్బరు మెత్త బిగించారు. తన్నుకు కట్టె చీలకుండా అడ్డంగా ఇంకో బోల్టు వేశారు. పేలినప్పుడు వేళ్ళకు తగలకుండా తుపాకీ మోసే పట్టీ కొక్కేన్ని కట్టె మీంచి గొట్టం మీదికి జరిపించారు. ఆ టంకం పని నాది. అడవి నీడలో కనబడేలా తెల్లటి పెద్ద గురి పూస పెట్టారు. ఉత్త తూటాలు కలపమని ఇప్పుడు బావమరిదే అడిగేవాడు. ఒకరోజు 'టిక్' అన్నా తుపాకీ మూతి కదల్లేదు. ఆ సాయంత్రం ఉస్తాద్ నా చాయ్‌లో ఉప్పు కలిపారు.

వేట నుంచి తిరిగొచ్చి బావమరిది తుపాకీని బల్ల మీద పెట్టాడు. మొదటి దెబ్బకు దున్న పడలేదట, మీదికే వచ్చిందట. పదిహేను అడుగుల దూరంలో రెండో దెబ్బకు కూలిందట. అప్పుడు తన కళ్ళు తెరిచే ఉన్నాయని చెప్పి, కహ్వా, అరబ్బుల కాఫీ, తానే పోసి ఉస్తాద్ చేతికిచ్చాడు.

ఉస్తాద్ గుడ్డకు నూనె అద్ది, కట్టెకు పట్టిన అడవి దుమ్మును మెల్లగా తుడవసాగారు. బావమరిది చెంప ఆనే చోట చెమట పీల్చి అక్రోటు కొంచెం నల్లబడింది. గుడ్డ అక్కడిదాకా వచ్చి, ఆ మరకను ముట్టకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది.