మంట తగ్గియ్యకు బేటీ

మంగళవారం పొద్దున పాపకు టిఫిన్ డబ్బా కడుతుంటే మసీదు మైకులో ఎవరో పోయారని చెప్పారు. ఫలానా వారి భార్య అన్నారు. ఆ ఫలానా ఆయన పేరు నాకు సగమే వినపడింది. ఎవరో పాపం అనుకుని డబ్బా మూత పెట్టాను. వీధిలో నడుస్తున్న వాళ్లంతా మా పక్కింటి గేటు ముందే ఆగుతుంటే అప్పుడు అర్థమైంది. పోయింది మా ఖాలా. ఆరేళ్లు పక్కపక్కనే ఉండి, ఖాలా అని తప్ప ఇంకోలా ఎన్నడూ పిలవని నేను ఆమె చావు కబురును గుర్తుపట్టలేకపోయాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్ని. జనగామలో మా రెండిళ్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉంటుంది. మా వంటింటి కిటికీ, వాళ్ల వంటింటి కిటికీ ఎదురెదురు. మా ఆయనకు భూపాలపల్లి గనుల్లో పని, శనివారం వచ్చి సోమవారం పోతాడు. నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేసి ఇంటికి చేరేసరికి ఏడవుతుంది. అప్పటికి పాప ఆకలితో గడప మీద కూర్చుని ఉంటుంది. అన్నం, చారు అంటే ముఖం తిప్పేది. స్టేషన్ దగ్గర బండి మీది నూడుల్సే కావాలని ఏడ్చేది. ఆ నూడుల్స్ తిని రెండుసార్లు కడుపునొప్పితో దవాఖానలో పడ్డాక, అవేవో ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టాను.

నాకు వచ్చిన పద్ధతి ఒకటే. నూనె పోసి, ఆవాలు, కరివేపాకు వేసి, ఎసరు పోసి, నూడుల్స్ వేసి మూతపెట్టాను. చెయ్యి అలవాటు చొప్పున పోపుల డబ్బాలోకి పోయి చిటికెడు పసుపు కూడా వేసింది. వాసన చూసి ఖాలా కిటికీ దగ్గరకు వచ్చింది. ప్లేటు అందించమంది. సందు అంత ఇరుకు కాబట్టి కిటికీలోంచే అందించాను.

"గిదేంది బేటీ, నూడుల్స్‌కు కామెర్లు అయినయా?" అంది.

నాకు మండింది. పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషితో అనాల్సిన మాటేనా అది? మర్నాడు సాయంత్రం ఆమె తన ఇనుప కడాయి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కడాయి పొయ్యి మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఎట్లా చేయాలో చెప్పడం మొదలుపెట్టింది.

నీళ్లు మరిగాక నూడుల్స్ వేయాలి. గోరుతో తుంచితే నడుమ తెల్లచుక్క కనపడుతున్నప్పుడే దించేయాలి. చల్లనీళ్లు పోసి, వడగట్టి, రెండు చుక్కల నూనె చేత్తో పట్టించి, పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పెట్టాలి. అవి ఆరేలోపు క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు సన్నగా కోసుకోవాలి. కడాయి పొగ వచ్చేదాకా కాగాలి. వెల్లుల్లి వేసిన దగ్గర్నుంచి దించేదాకా మంట తగ్గించకూడదు. సోయా సాస్ నూడుల్స్ మీద కాదు, కడాయి అంచు మీద పోయాలి. అన్నిటికంటే ముఖ్యం, ముగ్గురికి చేయాలంటే మూడుసార్లు చేయాలి. ఒకేసారి కుమ్మరిస్తే ముద్దవుతుంది. చదివే మీకు ఇవన్నీ తెలిసినవే కావచ్చు. కానీ కూర సిమ్‌లో మగ్గాలని, గ్యాస్ ఆదా చేయాలని చిన్నప్పటి నుంచి విన్న చేతులకు పెద్ద మంట మీద ఏదీ తగ్గించకుండా నిలబడటం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది.

ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం మానేసింది. కిటికీలోంచే వినేది. నేను మాడుతుందేమోనని మెల్లగా నాబ్ తిప్పానో లేదో, అవతల నుంచి కేక.

"కడాయి ఏడుస్తున్నది. మంట తగ్గియ్యకు బేటీ."

అటువైపు నుంచి ఆమెకు నా పొయ్యి కనపడదు. ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను. వాళ్లాయనది ఒకప్పుడు ఇంటి ముందరే చైనీస్ బండి. కూరగాయలు కోయడం, నూడుల్స్ ఉడకబెట్టడం అంతా ఈమె లోపలే చేసి అందించేది. ఒక్కనాడూ బండి దగ్గర నిలబడలేదు.

"ఇరవై ఏండ్లు పరదా ఎనుక నిలవడి ఇన్న. నూడుల్స్ ఎట్ల ఎగురుతయో చూసింది తక్కువ, ఇన్నది ఎక్కువ. చప్పుడు సన్నగైందంటే నీళ్లు ఊరుతున్నట్టు. గంతే," అంది.

ఆయన పోయాక బండి వెళ్లిపోయింది. కడాయి మాత్రం ఆమె దగ్గర ఉండిపోయింది, నాకు నేర్పిన రోజు నుంచి నా దగ్గర ఉంది.

ఆమెకు పొగడటం రాదు. నేను వారానికి రెండు రోజులు చేసి కిటికీలోంచి చిన్న ప్లేటు అందిస్తే, ఒక చెంచా తిని "నడుస్తది" అనేది. బాగా కుదిరినా నడుస్తదే, ఉప్పు ఎక్కువైనా నడుస్తదే. వాళ్లాయన వంటను మాత్రం ఒకటే మాట అనేది, "బరాబర్". ఆ మాట నా వంటకు ఎప్పుడంటుందా అని చూసేదాన్ని. పెద్దదాన్ని అయ్యుండి ఈ ఆశేమిటని నవ్వుకునేదాన్ని, కానీ ఆశ పోలేదు. మా ఆయన బాగుందన్నా, పాప పళ్లెం నాకినా నాకు చాలేది కాదు.

పోయినేడు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉప్పు బంద్, అయినా నా ప్లేటు ఆపనియ్యలేదు, ఒక్క చెంచా నోట్లో పెట్టుకునేది. నీళ్లు రోజుకు రెండు చిన్న గ్లాసులు. రోజుకు ఆరుసార్లు చాయ్ తాగే మనిషి ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కూర్చునేది. కాళ్లు ఉబ్బాయి, ముఖం నల్లబడింది. సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు. ఒకరోజు ఆ చెయ్యి నా చెవి దగ్గర పెట్టింది. లోపల సన్నగా ఝుమ్మని మోత.

"కడాయి లెక్క మోగుతలేదా? ఈ చప్పుడు ఆగితే దవాఖానకు ఉరకాలె. లేకుంటె నా పని అయిపోయినట్టే," అంది.

నేను ఆ చేతిని అట్లాగే పట్టుకున్నాను. ఆమెకు భయమేసిందో లేదో నాకు తెలియదు. నాకైతే వేసింది.

పోవడానికి పన్నెండు రోజుల ముందు, డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి అడిగింది.

"జర నాకని నూడుల్స్ చేసి పెడ్తవా బేటీ?"

ఆమె కోడలిని అడిగి, ఏం వేయొచ్చో ఏం వేయకూడదో తెలుసుకున్నాను. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోశాను. ఉప్పు లేదు, సోయా లేదు. వెల్లుల్లి, మిరియాలు, నాలుగు చుక్కల వెనిగర్. వాటితో ఏం రుచి వస్తుంది? అందుకని మిగిలినవన్నీ జాగ్రత్తగా చేశాను. ఒక్కరికే సరిపడా వేశాను. నాబ్ ముట్టుకోలేదు. ఆ రోజు అవతల నుంచి ఒక్క కేక కూడా రాలేదు. ప్లేటు పట్టుకుని ఇంటికే వెళ్లాను. నాలుగు చెంచాలు తిన్నది. చెంచా కింద పెట్టి, నా ముఖం చూసి చెప్పింది.

"ఇయ్యాల బరాబర్ ఉన్నది."

ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తులేదు, అంత సంతోషం. వచ్చి కడాయిలో మిగిలినవి నోట్లో పెట్టుకున్నాను. నానిన దారం నమిలినట్టుంది. మింగలేక ఉమ్మేశాను. నన్ను సంతోషపెట్టడానికి అబద్ధం చెప్పిందని అనుకున్నాను. వంట విషయంలో అబద్ధమాడని మనిషి చివరికి నా కోసం ఆడింది కదా అని ఏడుపొచ్చింది.

మూడోనాడు ఫాతెహా ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆమె కోడలికి ఈ సంగతి చెప్పాను. ఆమె మెల్లగా చెప్పింది.

"అక్కా, మూణ్నెల్ల సంది అత్తమ్మకు నోటికి ఏం తెలుస్తలేదు. ఏం తిన్నా ఇనుము నాకినట్టే ఉన్నదనేది. నీకు చెప్పొద్దన్నది. ప్లేట్లు ఇచ్చుడు బంద్ చేస్తవని."

మూణ్నెల్లుగా ఆమె నా వంటను తినలేదు, విన్నది. ఆ సాయంత్రం బరాబర్ అన్నది నూడుల్స్‌ను కాదు, కడాయి చప్పుడును. అయితే అది అబద్ధం కాదు. ఇట్లా అనుకుంటే కాస్త ఊరటగా ఉండాలి కదా? ఉండటం లేదు. ఇనుము రుచి తప్ప ఏదీ తెలియని నోటితో, నా ముఖం చిన్నబోకూడదని నాలుగు చెంచాలు ఎట్లా మింగిందో అన్నదే కళ్ల ముందు తిరుగుతోంది.

నిన్న బుధవారం, ఆమె పోయి రెండు వారాలు దాటింది. ఏడింటికి ఇంటికి వచ్చి, పాప అడిగిందని కడాయి పెట్టాను. వెల్లుల్లి వేశాను, క్యాబేజీ వేశాను, నూడుల్స్ వేశాను. తర్వాత ఏమనిపించిందో, నాబ్ తిప్పి మంట సగానికి తగ్గించాను. కడాయి చప్పుడు సన్నబడింది. గరిటె పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. అవతల ఖాలా కోడలు కుక్కర్ ఆపింది. ఆ తర్వాత అటు నుంచి ఏమీ వినపడలేదు. నీళ్లు ఊరి, నూడుల్స్ అంటుకుని, ముద్దయ్యేదాకా నిలబడే ఉన్నాను.

పాప రెండు చెంచాలు తిని ముఖం చిట్లించింది. "ఇయ్యాల మంచిగ లెవ్వమ్మా," అంది.

"నడుస్తది, తిను," అన్నాను.