లింగన్న చేసిన చిలుక

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక నవ్వు. అంతే. ఇన్నేళ్లుగా దాని బరువు దిగలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

నిర్మల్‌లో పంతులుగా ఉన్నప్పుడు నేను రాసిన అపరాధ పరిశోధక నవలకు ఒక వారపత్రిక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఊరి గ్రంథాలయంలో శాలువా కప్పి, వెండి పతకం చేతిలో పెట్టారు. ఆ కథలో బొమ్మలు చేసే ఒకాయన భార్యను బావిలోకి తోసి చంపుతాడు. అంతకుముందే మా వీధిలో బొమ్మలు చేసే లింగన్న భార్య నిజంగానే బావిలో పడి చనిపోయింది. సభలో ఎవరో అడిగారు.

"సారూ, గా ఖూనీకోరు మన లింగన్ననే గద?"

కాదనాలి. ఆమె కాలు జారిన వేళ లింగన్న మా అరుగు మీద నా పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కేక విని ఇద్దరం కలిసే పరుగెత్తాం. అయినా నవ్వి ఊరుకున్నాను. ఎందుకు? నిజంగా జరిగిన ఖూనీని పట్టుకున్న రచయితనని జనం అనుకుంటుంటే ఆ గొప్ప పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఇంతకంటే మంచి కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

ఖూనీ చేసిన చేతుల బొమ్మను ఏ తల్లి తన బిడ్డకిస్తుంది? లింగన్న బొమ్మలు అమ్ముడుపోవడం ఆగిపోయింది. మా ఆవిడ కూడా మా పాప చేతిలోంచి ఆయన చేసిన చిలుకను లాక్కుని అటక మీద పడేసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఒక అంగడి రోజు ఆయన మా గడప ముందు నిలబడ్డాడు.

"నీకు శాలువ కప్పిండ్రట, ముబారక్ సారూ. నా దుకాన్ల ఈగలే బేరం చేస్తున్నయి."

"అది వట్టి కథ, లింగన్నా."

"కథనే. మరి గా దినం మీ అరుగు మీద నేను తాగిన చాయ్ గూడ కథనేనా? జర జనానికి చెప్పరాదూ?"

చెప్తానన్నాను. చెప్పలేదు. కొన్నాళ్లకు ఆయన దుకాణం మూసి నస్పూర్ బొగ్గుబాయిలో గని పనికి పోయాడు.

మొన్న అదే గ్రంథాలయంలో, కొత్తగా రాసేవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి ఆ చాయ్ సంగతి చెప్పాను. పతకం బల్ల మీద పెట్టి వచ్చేశాను. మర్నాడు బస్సెక్కి నస్పూర్ పోయాను. లింగన్న అంతా విన్నాడు. "ఇప్పుడు చెప్పినవా" అని లోపలికి పోయాడు. మళ్లీ బయటికి రాలేదు. రమ్మని నేనూ పిలవలేదు.

ఇంటికొచ్చి అటక మీది చిలుకను దించి, తుడిచి, వీధి కిటికీలో పెట్టాను. ఎవరు చేశారని అడిగినవాళ్లకు లింగన్న పేరు చెప్పి, ఆ చాయ్ సంగతీ చెప్తున్నాను. అడగనివాళ్లకూ చెప్తున్నాను.