దండలు సరిచూడబోతే

మా అమ్మాయి పెళ్లికి పూలదండలు ఎంచడానికి నేను, మా ఆయన, కాబోయే వియ్యంకుడు కలిసి నారాయణఖేడ్ బస్టాండ్ దగ్గరి పూలకొట్టుకు వెళ్లాం. మా ఆయన చాయ్ తేవడానికి వెళ్లాడు. గులాబీ దండలు నచ్చాయి గానీ, మరీ పొడుగేమోనని నా అనుమానం.

"పిల్ల నీ అంత, పిలగాడు వాళ్ల నాయినంత ఉంటడంటిరి గదా. మీరే ఏసుకొని సూడుండ్రి" అంటూ కొట్టతను మా ఇద్దరి మెడల్లో చెరొకటి వేసేశాడు.

పక్కనే మల్లెపూలు కొంటున్న ముసలమ్మ మమ్మల్ని తేరిపార చూసి, గుప్పెడు పూలరేకులు మా నెత్తిన చల్లింది. "ఏ వయసులైతేంది బిడ్డా, తోడుండాలె. సల్లగుండుండ్రి!"

పెద్దవాళ్లు దీవిస్తే మొక్కడం అలవాటు కదా! ఆలోచించకుండా ఇద్దరం ఒక్కసారే వంగి ఆమె కాళ్లకు మొక్కాం.

తలెత్తితే ఎదురుగా మూడు చాయ్‌లతో మా ఆయన. "చాయ్ తెచ్చేలోపట్నే లగ్గం అయిపాయెనా?"

వియ్యంకుడు కంగారుగా లాగితే దండ ఆయన కళ్లద్దాలకు చిక్కుకుంది.

అమ్మాయి పెళ్లి బాగానే జరిగింది. ఆల్బమ్ తిరగేస్తే మాత్రం నవ్వాగదు. ప్రతి ఫొటోలోనూ నాకూ వియ్యంకుడికీ మధ్య మా ఆయనే నిలబడి ఉన్నాడు. ఆ రోజంతా చాయ్‌కి కూడా కదల్లేదు.